పూర్ణఘటం, భిక్షాపాత్ర, నీలి పింగాణి

తర్లగూడ నుంచి భోపాలపట్నం దాకా ఒకే వస్తువుకు రెండు పేర్లు వినిపిస్తాయి. ఇంట తెలుగు మాట్లాడేవారు ఊరగాయ పెట్టుకొనే జాడీని పింగాణి జాడీ అంటారు. బడిలో హిందీ చదువుకొన్న పిల్లలు దానినే చీనీ మిట్టీ అంటారు. రెండు పేర్లలోనూ చరిత్ర ఉంది. చీనీ మిట్టీ అన్నది ఆ వస్తువు పుట్టిన దేశాన్ని చెబుతుంది. పింగాణి అన్నది అది మన దాకా నడిచి వచ్చిన దారిని చెబుతుంది. పారశీక భాషలో పింగాన్ అంటే గిన్నె. చైనాలో పుట్టిన పాత్రను తెలుగువాడు పారశీకుల మాటతో పిలిచాడంటే, దానిని అతని ముందు పెట్టిన చేతులు ఎవరివో ఊహించవచ్చు. పట్టు విషయం అట్లా కాదు. చీనాంబరం అనే మాట సంస్కృతం ద్వారా మనకు అంతకు చాలా ముందే వచ్చింది. పట్టును నేరుగా చీనాతో జోడించుకొన్న మనవారు పింగాణిని ఎందుకు అట్లా జోడించుకోలేదన్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా, దాని వెనుక బౌద్ధులు పట్టించుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. ఎవరి పాత్రలో ఎవరు తాగవచ్చునన్నది ఆ విషయం. దానికి చేరేముందు ఈ నీలి పాత్ర పుట్టుకను కొంత తెలుసుకోవాలి.

పింగాణికి రెండు పదార్థాలు కావాలి. ఒకటి తెల్లని మట్టి. చైనాలోని జింగ్‌దెజెన్ పట్టణానికి దగ్గరలో ఉన్న గావోలింగ్ అనే కొండ పేరే నేడు ప్రపంచమంతటా ఆ మట్టికి నిలిచిపోయి కేయొలిన్ అయింది. రెండవది పొడిగా దంచి, కడిగి, ఇటుకలుగా పోసిన ఒక రకం రాయి. మట్టి ఎముక వంటిది, రాయి మాంసం వంటిదని అక్కడి కుమ్మరులు చెప్పుకొనేవారు. మట్టి ఆకారాన్ని నిలబెడుతుంది. రాయి కరిగి సందులను నింపుతుంది. ఈ రెండూ సుమారు 1300 డిగ్రీల వేడిలో కలిసినప్పుడు పాత్ర గాజువలె బిగుసుకొంటుంది, నీటిని పీల్చదు, గోటితో తడితే ఖంగుమంటుంది. మన కుమ్మరి ఆవంలో ఇంత వేడి పుట్టదు. అందుకే మన కుండ చెమరుస్తుంది, ఆ చెమరింపు వల్లనే నీరు చల్లబడుతుంది. ఒకదానికి గుణమైనది మరొకదానికి లోపం. రెంటినీ ఒకే తక్కెడలో తూచడం తగదు.

నీలి రంగు కోబాల్టు అనే ఖనిజం వల్ల వస్తుంది. ఆరిన పచ్చి పాత్ర మీద కోబాల్టు కలిపిన నీటితో కుంచె ఆడిస్తారు. అప్పుడు అది నల్లగా, బూడిద రంగులో కనిపిస్తుంది. పచ్చిమట్టి రంగును వెంటనే పీల్చుకొంటుంది కనుక గీత తప్పితే దిద్దుకొనే వీలు లేదు. ఆపైన గాజుపూత పూసి ఒకేసారి కాలుస్తారు. బట్టీ చల్లారి తెరిచినప్పుడే నీలం బయటపడుతుంది. అంత వేడికి చాలా రంగులు మాడిపోతాయి. కోబాల్టు మాత్రం నిలుస్తుంది. పధ్నాలుగవ శతాబ్దంలో మేలైన కోబాల్టు ఇరాన్ నుంచి వచ్చేది. దానిలో ఇనుము పాలు ఎక్కువ కనుక నీలం మీద అక్కడక్కడ నల్లని మచ్చలు దిగేవి. ఆ మచ్చలను చూసి నేటి నిపుణులు పాత్ర కాలాన్ని పోల్చుకొంటారు. అంటే మనం చైనా పాత్ర అని పిలుస్తున్న దానిలో మట్టి చైనాది, రంగు ఇరాన్‌ది. దాని మీద చిత్రించిన తామరలు, చక్రాలు, శంఖాలు ఎక్కడివో ముందుకు చెబుతాను.

జింగ్‌దెజెన్‌కు ఆ పేరు 1004లో సుంగ్ చక్రవర్తి పాలనాబ్దం పేరు మీద వచ్చింది. 1278లో కుబ్లాయ్ ఖాన్ ప్రభుత్వం అక్కడ పింగాణి పర్యవేక్షణకు ఒక కార్యాలయం పెట్టింది. నీలి పాత్రల ప్రయత్నాలు అంతకు ముందే ఉన్నాయి. ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర 1998లో బయటపడిన తొమ్మిదవ శతాబ్దపు ఓడలో సుమారు 60,000 చైనా పాత్రలు దొరికితే, వాటిలో మూడు నీలి పళ్ళేలు ఉన్నాయి. అయినా ఈ కళ నిలదొక్కుకొన్నది మంగోలుల కాలంలోనే. కాలం స్పష్టంగా తెలిసిన పెద్ద పాత్రలలో పేరుపొందినవి లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని రెండు జాడీలు. ఒక్కొక్కటి 60 సెంటీమీటర్లకు పైబడిన ఎత్తు. వాటి మెడ మీది లేఖనం వాటిని 1351లో ఒక దేవాలయానికి సమర్పించినట్లు చెబుతుంది. ఆ దేవాలయం తావో మతానిది. నీలి పింగాణి అంతా బౌద్ధుల సొత్తని చెప్పాలని ఉబలాటపడే మిత్రులు దీనిని గుర్తుంచుకోవాలి. మరొక చమత్కారం ఉంది. అప్పటి చైనా పండితులకు ఈ పాత్రలు నచ్చలేదు. 1388లో పురాతన వస్తువుల గురించి గ్రంథం రాసిన త్సావో జావో వీటిని మొరటువని తీసిపారేశాడు. ముత్యపు కాంతి గల ఒంటిరంగు పాత్రలే వారికి ఇష్టం. నీలి పాత్రను ముందుగా మెచ్చినవారు పశ్చిమాసియా వర్తకులు, మంగోలు ప్రభువులు.

ఈ పాత్రలు చేసిన మనుషుల గురించి కళాచరిత్ర గ్రంథాలు తక్కువ చెబుతాయి. పద్దెనిమిదవ శతాబ్దారంభంలో జింగ్‌దెజెన్‌లో నివసించిన ఫ్రెంచి మతగురువు దాంత్రెకోల్ 1712లోనూ 1722లోనూ రాసిన రెండు ఉత్తరాలు అందుకు విలువైన ఆధారం. ఒక పాత్ర పూర్తయ్యేసరికి డెబ్బై మంది చేతులు మారుతుందని ఆయన రాశాడు. గీత గీసేవాడు గీతే గీస్తాడు, రంగు నింపేవాడు రంగే నింపుతాడు, పువ్వులు వేసేవాడు పక్షుల జోలికి పోడు. పూర్తయిన పాత్ర అడుగున ఆరు అక్షరాలలో రాజవంశం పేరు, చక్రవర్తి పాలనాబ్దం పేరు పడతాయి. డెబ్బై మందిలో ఒక్కరి పేరూ పడదు. 1433లో రాజప్రాసాదం నుంచి వచ్చిన ఒక్క ఆజ్ఞలో కోరిన పాత్రల సంఖ్య 4,43,500. ఆ అంకె వెనుక ఎన్ని రాత్రులు బట్టీల ముందు గడిచాయో ఆలోచించుకోవచ్చు. వాన్‌లీ చక్రవర్తి కాలంలో, 1599 ప్రాంతంలో, పాన్ శియాంగ్ అనే రాజోద్యోగి పెద్ద పెద్ద డ్రాగన్ తొట్లు కావాలని పట్టుబట్టాడు. అవి ఎన్నిసార్లు కాల్చినా పగిలిపోయేవి. పనివారికి కొరడా దెబ్బలు పడ్డాయి. తుంగ్ బిన్ అనే కుమ్మరి ఆ బాధ చూడలేక మండుతున్న బట్టీలోకి దూకాడని, అప్పుడు తొట్లు పగలకుండా వచ్చాయని కథ. తోటివారు అతనికి గుడి కట్టి బట్టీ దేవతగా కొలిచారు. చనిపోయిన శ్రామికుని దేవుణ్ణి చేయడం మనకు కొత్త కాదు. మన గ్రామదేవతల కథలలో సగం ఇటువంటివే. కొరడా పట్టినవాడి పేరు మాత్రం సాధారణంగా కథలో మరుగునపడుతుంది. ఇక్కడ పడలేదు, అది కొంత మేలు.

ఇక పాత్ర మీది చిత్రాల సంగతి. యువాన్, మింగ్ కాలాల నీలి పింగాణి మీద తరచుగా కనిపించే వరుస ఒకటి ఉంది: ధర్మచక్రం, శంఖం, ఛత్రం, ధ్వజం, పద్మం, కలశం, జంట చేపలు, అంతులేని ముడి. చైనీయులు వీటిని ఎనిమిది బౌద్ధ మంగళ చిహ్నాలుగా ఎరుగుదురు. మంగోలు ప్రభువులు టిబెట్ బౌద్ధాన్ని ఆదరించిన కాలంలో ఇవి చైనా అలంకారకళలో స్థిరపడ్డాయి. కుబ్లాయ్ ఆస్థానానికి నేపాలు నుంచి వెళ్ళిన అరనికో అనే శిల్పి నేటి బీజింగ్‌లో తెల్లని స్తూపం కట్టి 1279లో పూర్తి చేశాడు. ఈ దారిలోనే మన చిహ్నాలు టిబెట్ కొండలు దాటి జింగ్‌దెజెన్ కుంచెల కొసకు చేరాయి.

వాటిలో కలశాన్ని తెలుగువారు ప్రత్యేకంగా చూడాలి. అమరావతి స్తూపం పలకల మీద పూర్ణఘటం అనేకసార్లు కనిపిస్తుంది. ఉబ్బెత్తు పొట్ట, సన్నని మెడ, నోటి నుంచి పొంగి వచ్చే తామర మొగ్గలు, పూలు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖరారు చేసుకొన్న రాజముద్రలో ధమ్మచక్రం నడుమ ఉన్నది ఈ పూర్ణఘటమే. అయితే రాజముద్ర చూసేవారిలో ఎందరికి తెలుసో కాని, అమరావతిలో ఒక పూర్ణఘట ఫలకాన్ని దానం చేసినవాడు విధికుడు అనే చర్మకారుడు. ఆ మాట శాసనంలోనే ఉంది. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడనీ, తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారునితో, కుమార్తెలతో కలిసి ఈ దానం చేశాడనీ ఆ ప్రాకృత లేఖనం చెబుతుంది. సుమారు 1,800 ఏళ్ళ క్రితం తోలుపని చేసే ఒక కుటుంబం, కృష్ణాతీరాన మహాచైత్యానికి నీటి పాత్ర బొమ్మను, తన వృత్తి పేరు దాచుకోకుండా, కానుకగా ఇచ్చింది. ఆ ఇంటి తండ్రి చదువు చెప్పే ఉపాధ్యాయుడు. తరువాతి శతాబ్దాలలో ఈ దేశంలో ఆ వృత్తివారి నీటికుండకు ఏమి జరిగిందో తెలిసినవారికి ఈ నాలుగు పంక్తుల శాసనం విలువ వేరే చెప్పనక్కరలేదు.

అమరావతి పూర్ణఘటమే నేరుగా చైనా పాత్ర మీదకు ఎక్కిందని నేను అనడం లేదు. అది సాంచీలోనూ భర్హుత్‌లోనూ కూడా ఉన్న భారతీయ చిహ్నం. ఒకే వంశవృక్షంలో రెండు కొమ్మలని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు.

ఇంతకంటే ప్రత్యక్షమైన సాక్ష్యం అక్షరాలది. షువాందె చక్రవర్తి కాలం, అంటే 1426 నుంచి 1435 వరకు, నాటి నీలి పాత్ర ఒకటి బీజింగ్ రాజప్రాసాద సంగ్రహాలయంలో ఉంది. మూతగల జాడీ. దాని చుట్టూ నీలిరంగులో రాసినవి చీనా అక్షరాలు కావు. నేపాలులో పుట్టి టిబెట్ మీదుగా వెళ్ళిన రంజన లిపిలోని సంస్కృత బీజాక్షరాలు. వజ్రయాన పూజలో వాడేందుకు చేయించిన పాత్ర అది. తరువాతి చక్రవర్తుల కాలాలలోనూ, ముఖ్యంగా చెంగ్‌హువా, వాన్‌లీ కాలాలలో, గిన్నెల మీద, తామర రేకుల ఆకారంలో చేసిన పళ్ళేల మీద ఇటువంటి అక్షరాలు కనిపిస్తాయి. ఆ అక్షరాలు రాసిన కుమ్మరికి వాటి అర్థం తెలిసి ఉండదు. నమూనా చూసి దించాడు. అయినా చెయ్యి వణకలేదు.

బౌద్ధ చిహ్నం ఉన్నంత మాత్రాన ఆ పాత్ర ధమ్మాన్ని మోసిందని తొందరపడరాదు. రాజప్రాసాదంలో ధర్మచక్రం డ్రాగన్ పక్కన, దీర్ఘాయువును కోరే పీచు పండు పక్కన, మరొక మంగళ గుర్తుగా కూర్చుంది. అలంకారమైన చిహ్నం అర్థాన్ని మెల్లమెల్లగా కోల్పోతుంది. మన దేశంలో అదే చక్రానికి, అదే తామరకు వేరే మతాలలో ఏమి జరిగిందో చూస్తే ఈ ప్రక్రియ చైనాకే పరిమితం కాదని తెలుస్తుంది.

మన తీరానికి వద్దాం. బస్తరు ప్రాంతం సముద్రానికి దూరమైనా చైనా వర్తకపు కథకు పూర్తిగా బయటిది కాదు. వేంగి చాళుక్య వంశంలో పుట్టిన రాజేంద్రుడు యువకుడిగా ఉన్నప్పుడు చక్రకోటం మీద దండెత్తాడు. చక్రకోటం మన బస్తరు నాగవంశీయుల రాజ్యం. ఆ యువకుడే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. 1077లో చోళ రాయబారులు 72 మంది చైనా సుంగ్ ఆస్థానానికి వెళ్ళారని చీనా రికార్డులు చెబుతాయి. వారిని పంపినది కులోత్తుంగుడేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. నాగపట్నంలోని బౌద్ధ విహారానికి 1090లో గ్రామాల హక్కులను ఖాయపరుస్తూ తామ్రశాసనం ఇచ్చినవాడూ ఆయనే. బస్తరు అడవిలో ఏనుగులను పట్టిన చేయి, బౌద్ధ విహారానికి దానపత్రం ఇచ్చిన చేయి, చైనాకు రాయబారులను పంపిన చేయి వేంగి చాళుక్య వంశంలో పుట్టిన ఒకే మనిషిది. ఆ నాగపట్నంలోనే 1267లో పూర్తయినట్లు చీనా అక్షరాలలో లేఖనమున్న ఇటుక గోపురాన్ని వాంగ్ దాయువాన్ అనే చీనా యాత్రికుడు పధ్నాలుగవ శతాబ్దంలో వర్ణించాడు. నాగపట్నంలో నావికులకు గుర్తుగా నిలిచి, చీనా గోపురమని పేరుపడిన పాత కట్టడాన్ని 1867లో పడగొట్టారు. శత్రువులెవరూ దండెత్తి రాలేదు. శిథిలమైందని చెప్పి, ప్రభుత్వ అనుమతితోనే కూల్చారు. బౌద్ధ అవశేషాలు నశించడానికి కత్తులే అక్కరలేదు.

తెలుగు తీరంలో మోటుపల్లి రేవు ముఖ్యమైనది. కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం మనకు బాగా తెలిసినదే. తుఫానులో ఓడ దరికి కొట్టుకువస్తే సరుకంతా రాజు లాగుకొనే పాత ఆచారాన్ని ఆయన మానిపించాడు. ముప్పయ్యవ వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. సరుకుల పట్టికలో చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, దంతాలు, రాగి, పట్టు, మిరియాలు, వక్కలు ఉన్నాయి. కుండలూ కంచాలూ లేవు. కాని పురావస్తు శాఖ 1970లలో మోటుపల్లిలో తవ్వినప్పుడు చైనా పాత్రల ముక్కలు బయటపడ్డాయి. నెల్లూరు తీరాన ఉన్న కొత్తపట్నంలో (ఒంగోలు దగ్గరి కొత్తపట్నం వేరు) చైనా పాత్రల ముక్కలు విరివిగా దొరికాయి. జపాన్ చరిత్రకారుడు నొబొరు కరషిమ దక్షిణ భారత, శ్రీలంక తీరాల వెంట ఈ ముక్కల కోసమే తిరిగి ఒక గ్రంథమే వెలువరించాడు. ఈ తీరపు ముక్కలలో పదమూడు, పధ్నాలుగు శతాబ్దాల ఆకుపచ్చని సెలడాన్ ఎక్కువ, నీలి గీతలవి తక్కువ. కాలక్రమం ప్రకారం అది సహజం. మార్కోపోలో ముత్ఫిలి అని రాసిన రాజ్యం మోటుపల్లి రేవు పేరు మీదనే. ఆ రాజ్యాన్ని ఒక రాణి వివేకంతో ఏలిందని ఆయన మెచ్చుకొన్నాడు. ఆమె రుద్రమదేవి. 1358లో అనపోతారెడ్డి అదే రేవులో మళ్ళీ వర్తకులకు అభయం ఇచ్చాడు. ఓరుగల్లు 1323లో పడిపోయాక కాకతీయుల కొమ్మ ఒకటి అన్నమదేవునితో గోదావరి దాటి బస్తరుకు వచ్చిందని దంతెవాడలోని 1703 నాటి దిక్పాలదేవుని శాసనం చెబుతుంది. మోటుపల్లి సుంకాలు వసూలు చేసిన వంశానికీ బస్తరు గద్దెకూ ఇట్లా ఒక సంబంధం ఏర్పడింది.

తీరం దాటి లోపలికి వచ్చిన నీలి పింగాణి ఎక్కడ దొరుకుతోంది? హంపి రాజధాని శిథిలాలలో, గోల్కొండ వంటి సుల్తానుల నగరాలలో, ఢిల్లీలో ఫిరోజ్ షా తుగ్లక్ కోటలో. ఢిల్లీ ముక్కలలో కొన్నిటి మీద అవి రాజుగారి వంటశాలవని గుర్తు చెక్కి ఉంది. బొమ్మలున్న పాత్రలు మతానికి విరుద్ధమని ఫిరోజ్ షా వాటిని పగలగొట్టించి ఉండవచ్చునని ఒక వాదం ఉంది. హైదరాబాదు ప్రభువులు చైనా పాత్రలను ప్రాణంగా సేకరించారు. విషం కలిపిన అన్నం వడ్డిస్తే ఆకుపచ్చని చైనా పళ్ళెం పగులుతుందనీ రంగు మారుతుందనీ వారి నమ్మకం. శాస్త్రానికి నిలవని నమ్మకం అది, కాని ప్రభువుల భయాలకు మంచి సాక్ష్యం. 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ సేకరణను నేడు ఎవరైనా చూడవచ్చు. ఒకప్పుడు ప్రధానమంత్రి ఇంటి భోజనశాలలోని పళ్ళేల ముందు నేడు మన పిల్లలు నిలబడి తామర పువ్వులను, శంఖాలను గుర్తుపడుతున్నారు.

రేవులలో, కోటలలో, సుల్తానుల, నవాబుల ఇళ్ళలో దొరికిన పింగాణి పల్లె ఇంటి వంటగదిలోకి ఎందుకు రాలేదు? ధర ఒక కారణం. అదొక్కటే కారణమైతే ధనికులైన అగ్రవర్ణ గృహస్థుల ఇళ్ళలోనైనా కనిపించవలసింది. అక్కడ వెండి, కంచు, ఇత్తడి రాజ్యమేలాయి. దీనికి జవాబు శుద్ధి శాస్త్రంలో ఉందని నా అభిప్రాయం. మనుస్మృతి అయిదవ అధ్యాయం లోహపాత్రలను బూడిదతో, పులుపుతో, నీటితో తోమి శుద్ధి చేసుకోవచ్చునంటుంది. మట్టిపాత్రకు మైల తగిలితే మళ్ళీ కాల్చాలి, కొన్ని మైలలు తగిలితే కాల్చినా అది పనికిరాదు. పదకొండవ శతాబ్దంలో అల్‌బెరూనీ హిందువులు ఎవరి ఆహారం వారే వేరుగా తింటారనీ, తిన్న మట్టి పళ్ళేలను పారవేస్తారనీ చూసి రాశాడు. తిన్నాక పారవేయవలసిన జాతికి చెందిన పాత్రను ఎవరు బంగారం పోసి కొంటారు? పింగాణి నీటిని పీల్చదు, ఎంగిలిని నిలుపుకోదు. ఆ సంగతి శాస్త్రానికి తెలియదు. దానికి తెలిసినదల్లా అది మట్టి అని, పైగా ఎవరి చేతులు తాకి వచ్చిందో తెలియని మట్టి అని. ఊరగాయ జాడీకి మినహాయింపు దొరకడంలో ఆశ్చర్యం లేదు. ఉప్పూ పులుపూ లోహాన్ని తింటాయి. అవసరం ముందు ఆచారం కొంత వంగుతుంది.

అదే మనుస్మృతి పదవ అధ్యాయంలో చండాలురు పగిలిన పాత్రలలో తినాలనే విధి ఉంది. పాత్ర ఇక్కడ వంటింటి సామాను కాదు, మనిషి స్థాయికి గుర్తు. ఆ విధి పుస్తకంలో ఉండిపోలేదు. బడిలో నీటి పాత్రను తాకే హక్కు లేక, ఎత్తు నుంచి ఎవరైనా పోస్తేనే తాగవలసి వచ్చిన తన బాల్యాన్ని బాబాసాహెబ్ అంబేడ్కర్ స్వయంగా రాసుకొన్నారు. 1927 మార్చి 20న మహాద్ చెరువులో ఆయన దోసిలితో నీరు తాగినప్పుడు పాత్రే లేదు. మన తెలుగు పల్లెల హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి పోయిన కాలాన్ని పెద్దలు వేళ్ళ మీద లెక్కపెట్టగలరు. అన్నిచోట్లా పోయిందని చెప్పగలిగేవారు కొద్దిమంది.

బౌద్ధ సంప్రదాయం పాత్రను ఎట్లా చూసిందో దీని పక్కన పెట్టి చూడాలి. రాజగృహంలో ఒక శ్రేష్ఠి చందనపు కొయ్యతో పాత్ర చేయించి వెదురు కొసన కట్టి, మహిమ గలవారు తీసుకోండని సవాలు చేస్తే, పిండోల భారద్వాజుడు మహిమ చూపి దానిని దించాడు. బుద్ధుడు మెచ్చుకోలేదు. ఆ పాత్రను పొడి చేయించాడు. బంగారం, వెండి, మణులు, స్ఫటికం, కంచు, గాజు పాత్రలు భిక్షువుకు తగవని, ఇనుప పాత్ర, మట్టి పాత్ర రెండే తగునని వినయపిటకం చెబుతుంది. మట్టి ఇక్కడ హీనం కాదు, అనుమతి పొందిన రెండింటిలో ఒకటి. ఆ పాత్రతో భిక్షువు వీధిలో ఇల్లు ఎంచకుండా వరుసగా నడవాలి. దివ్యావదానంలోని శార్దూలకర్ణుని కథలో బావి దగ్గర ఆనందుడు నీరు అడిగితే, నేను మాతంగ కన్యనని ఆ అమ్మాయి వెనుకాడుతుంది. నీ కులం అడగలేదు, నీరు అడిగానని ఆయన బదులిస్తాడు. ఈ కథ చాలా పూర్వమే చీనా భాషలోకి వెళ్ళింది. 1933లో రవీంద్రనాథుడు చండాలిక నాటకం రాసినది దీని ఆధారంగానే.

ఏడవ శతాబ్దంలో భారతదేశం వచ్చిన చీనా భిక్షువు ఇత్సింగ్ ఇక్కడి విహారాలలో ప్రతి భిక్షువు దగ్గర రెండు నీటి పాత్రలు ఉండడం చూశాడు. తాగే శుభ్రమైన నీటికి మట్టిది గాని పింగాణిది గాని, కాళ్ళూ చేతులూ కడుగుకొనే నీటికి రాగిది గాని ఇనుపది గాని వాడాలని ఆయన రాశాడు. మన గృహస్థుల లెక్కను తలకిందులు చేసిన లెక్క అది. లోహం కడుగుడు నీటికి, మట్టి తాగే నీటికి. శుభ్రత అన్న మాటకు ఇత్సింగ్ దగ్గర ఆరోగ్యానికి, క్రమశిక్షణకు సంబంధించిన అర్థమే ఉంది. ఆ నీటి పాత్రకు సంస్కృతంలో కుండిక అని పేరు. పక్కన కొమ్ము, పైన సన్నని మెడ. ఆ ఆకారం భిక్షువులతో చైనాకు వెళ్ళి అక్కడి కుమ్మరుల చేతిలో పింగాణిగా మారింది. మింగ్ కాలంలో నీలి పువ్వులతో ఆగ్నేయాసియా రేవులకు చేరి కెండి అనే పేరుతో అమ్ముడైంది. మన గిండి, మలయాళుల కిండి, మలయ దేశస్థుల కెండి ఒక కుటుంబపు మాటలుగానే కనిపిస్తాయి. పెద్దల ఇళ్ళలో పాత గిండి ఉన్నవారు దాని కొమ్మును ఒకసారి పరిశీలించాలి.

భిక్షాపాత్ర గురించి వినయంలో మరొక నియమం ఉంది. పాత్ర పగులు ఇస్తే భిక్షువు దానికి అతుకు వేసి వాడుకోవాలి. అయిదు అతుకులైనా పడకముందే కొత్త పాత్ర సంపాదించుకొంటే అది దోషం. ఆ కొత్త పాత్రను అతడు సంఘం ముందు వదులుకోవాలి. సంఘంలో పెద్దవారి నుంచి వరుసగా ఒక్కొక్కరు దానిని తమ పాత్రతో మార్చుకొంటూ రాగా, చివరకు మిగిలిన పాత్రను ఆ భిక్షువుకు ఇచ్చి, పగిలేదాకా దీనినే వాడుకొమ్మని చెబుతారు.